చేతులను అడిగిన మా సుగుణ

జర దగ్గరికి జరిగి కూర్చోండి. ఈ జంపఖానా మా బాపు నేసింది, ఎంతమంది కూర్చున్నా తట్టుకుంటుంది. మా చెల్లె ప్రొఫెసర్ సుగుణ గురించి చెబుతాను, వినండి.

పోయిన నెల పొద్దున తొమ్మిదింటికి దవాఖాన నుంచి ఫోను వచ్చింది. పిన్ని ఇక లేదని నా కొడుకు చెప్పాడు. నేనప్పుడు కాశిబుగ్గలో మా ఇంట్లో రాట్నం ముందు ఉన్నాను. మాట విన్నాను, అర్థమైంది, అయినా నా చేయి మాత్రం రాట్నం తిప్పుతూనే ఉంది. చేతికి ఆ కబురు ఆలస్యంగా అందినట్టుంది.

యూనివర్సిటీలో సంతాప సభ పెట్టారు. పెద్దలందరూ ఆమెను విదుషీమణి అన్నారు, శ్రమ సమానత్వం కోసం జీవితాన్ని అంకితం చేసిన మహనీయురాలన్నారు. అన్నీ నిజాలే. ఆఫీసుల్లో, కార్ఖానాల్లో, బట్టల దుకాణాల్లో ఎవరి పని నలుగురికీ కనబడుతోంది, ఎవరి పని కనబడకుండా పోతోంది అని ముప్పై ఏళ్లకు పైగా పరిశోధించిన మనిషి ఆమె. అయితే ఆ విద్య ఎక్కడ మొదలైందో చెప్పడానికి ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. మొదలైంది మా ఇంట్లో, ఒక తప్పుతో.

నేను మూడో తరగతితో బడి మానేశాను. సుగుణ మాత్రం పీహెచ్‌డీ దాకా పోయింది. నేత ఇళ్లల్లో పని ఎలా నడుస్తుందన్నది ఆమె తీసుకున్న విషయం. అచ్చు వేసిన కాగితాలు పట్టుకుని కాశిబుగ్గలో ఇల్లిల్లూ తిరిగింది. ఇంట్లో పనిచేసేవాళ్లు ఎందరని ఆ కాగితంలో ఒక గడి ఉండేది. మగవాళ్లు తమ పేరు చెప్పేవాళ్లు. ఆడవాళ్లు మాకేం పని, ఇంట్లోనే ఉంటాం అనేవాళ్లు. మా ఇంటి వంతు వచ్చినప్పుడు నన్నూ అడిగింది.

"అక్కా, నువ్వేం పని చేత్తవు?"

"నేనేం చేత్తనే, ఇంట్ల ఉత్తగనే ఉంట."

పనిచేసేవారు ఒకరు, బాపు అని రాసుకుని పోయింది.

మూడేళ్లకు ఆ చదువంతా టైపు చేయించి లావుపాటి పుస్తకం తెచ్చింది. యూనివర్సిటీలో ఇచ్చే ముందు దేవుని అర్రలో పటాల ముందు పెట్టింది. మా అవ్వ, అంటే మా అమ్మ, అందులో మన ఇంటి సంగతి ఏం రాశావో చదవమన్నది. సుగుణ చదివి వినిపిస్తే నాకు నవ్వొచ్చింది.

"మనింట్ల పనిచేసేటోళ్లు ఒక్కరేనా? మరి బాపు నాడెల కండె ఎవలు పెట్టిండ్రే? మొగులు మీదికెల్లి పడ్డదా?"

మగ్గం మీద అటూ ఇటూ ఉరికేది నాడె. దాని కడుపులో నూలు చుట్టిన కండె లేకపోతే మా బాపు ఒక్క వరస కూడా నేయలేడు. నూలు ఉడకబెట్టి రంగు వేసేది అవ్వ. కండెలు చుట్టేది నేను. సుగుణ కూడా నాతో పాటు నవ్వింది. కాసేపటికి ఆ నవ్వు ఆగిపోయింది. పటాల ముందు నుంచి పుస్తకం తీసేసింది. దేవుని దగ్గర పెట్టినదాన్ని వెనక్కి తీయొద్దని అవ్వ మొత్తుకుంది. సుగుణ వినలేదు.

ఆ మరుసటి నెలే లెక్చరర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. పుస్తకం ఇస్తేనే పిలుస్తారు. గైడు సారు కోప్పడ్డాడు. మీ అక్క ఏదో అన్నదని మూడేళ్ల శ్రమ పక్కన పెడతావా, ఉన్నది ఇచ్చి ఉద్యోగం తెచ్చుకో, తర్వాత సరిచేసుకోవచ్చు అన్నాడు. తప్పని తెలిసినదాని మీద సంతకం ఎలా పెట్టను సార్ అని వచ్చేసింది. ఆ ఉద్యోగం మరొకరికి పోయింది. అవ్వ ఏడ్చింది. నేను నా నోటిని తిట్టుకున్నాను. పొయ్యి ముందు కూర్చున్నా, రాట్నం ముందు కూర్చున్నా అదే మాట. ఊరుకుంటే ఏం పోయేది, చెల్లె బతుకు పాడుచేశాను కదా అనుకునేదాన్ని.

సుగుణ మళ్లీ ఇల్లిల్లూ తిరిగింది, ఈసారి ప్రశ్న మార్చుకుని. ఏం పని చేస్తావని అడగడం మానేసింది. ముందుగా అవ్వను కూర్చోబెట్టుకుని "పొద్దుగాల్నుంచి నీ చేతులు ఏం చేసినయో చెప్పవ్వా" అన్నది. వాకిలి ఊడ్చిన దగ్గర మొదలుపెట్టింది అవ్వ. పొయ్యి, రంగు నీళ్లు, నూలు పిండడం, దండెం మీద ఆరేయడం, చిక్కులు తీయడం... పొయ్యి మీద అన్నం ఉడికి దించే దాకా చెబుతూనే ఉంది. చివరికి తనకే ఆశ్చర్యమైంది.

"గింత పని చేసిన్నానే నేను? గందుకేనా నడుం నొచ్చేది?"

ఆ పుస్తకం మళ్లీ రాయడానికి రెండేళ్లు పట్టింది. ఆ తర్వాతే ఉద్యోగం వచ్చింది. అదే ప్రశ్న పట్టుకుని ఆమె ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. పట్నంలో ఒక ఆఫీసులో సూపరింటెండెంటు, మా దగ్గర ఆడా మగా అందరూ సమానమే మేడం అన్నాడట. సుగుణ పోయి ఒక గుమాస్తా పిల్లను చేతుల సంగతి అడిగింది. ఆ పిల్ల ఫైళ్లు, టైపు అన్నీ చెప్పి, సాయంత్రం దాకా నీళ్ల సీసా మూత మాత్రం తీయనన్నది. ఎందుకంటే ఆడవాళ్ల బాత్రూం తాళంచెవి ఆ సారు సొరుగులో ఉంటుంది. మగాయన ముందుకు పోయి అడగాలంటే సిగ్గు. సుగుణ నేరుగా ఆయన టేబుల్ దగ్గరికి పోయి, ఆఫీసంతా వినేటట్టు "సార్, బాత్రూం తాళంచెవి ఇయ్యండ్రి" అన్నది. ఆయన సొరుగు లాగి తీసిచ్చాడు. ఆ తాళంచెవి మళ్లీ సొరుగులోకి పోలేదు. తలుపు పక్కన మేకు కొట్టించి దానికి తగిలించి, ఇక నీళ్లు తాగండి బిడ్డా అని చెప్పి వచ్చింది.

డిపార్ట్‌మెంటుకు హెడ్ అయినప్పుడు మొదటి మీటింగులోనే లెక్చరర్లతో పాటు స్వీపర్ యాదమ్మనూ కుర్చీలో కూర్చోబెట్టి అందరినీ అదే ప్రశ్న అడిగింది. ఒక సారు నాలుగు మాటలు చెప్పి, అయిదోది దొరకక కిటికీ వైపు చూశాడట. యాదమ్మ చెబుతుంటే చాయ్ చల్లారింది. ఆ సంగతి చెప్పి సుగుణ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వేది.

మంచిదే గానీ ఆమెతో వేగడం కష్టం. పెళ్లికి పోతే వంటల దగ్గరికి పోయి అక్కడివాళ్లు తిన్నారా అని అడిగి, తినలేదంటే తానూ తినేది కాదు. మా ఆయన వేళాకోళం చేసేవాడు. "ప్రొఫెసరమ్మ వచ్చింది, చేతులు దాసుకోండ్రి" అనేవాడు. అన్నందుకు ఆ పూట గిన్నెలు ఆయనతోనే తోమించేది.

దవాఖానలో చివరి రోజుల్లో ఆమె పక్కన నేనున్నాను. ఇన్నేళ్లూ గొంతులో పెట్టుకున్న మాట అప్పుడు అడిగాను. "చెల్లె, నా నోటి మాటకు గప్పుడు నీ నౌకరి పోయింది. మనసుల పెట్టుకున్నవా?"

కాసేపు నా చేతినే చూసింది.

"అక్కా, నువ్వు ఉత్తగనే ఉంట అన్నప్పుడు నీ చెయ్యి రాట్నం తిప్పుతాంది. నేను చూసుకుంటనే తప్పు రాసిన. నువ్వు చెప్పకపోతే గసొంటి కండ్లతోనే ప్రొఫెసర్‌నయితుంటి."

నలభై ఏళ్ల బరువు ఆ మాటతో దిగింది. నేను ఇంటికి వచ్చిన రెండు రోజులకు ఆమె పోయింది.

సంతాప సభ అయ్యాక పేపరు వాళ్ల అమ్మాయి ఒకతి నోటుబుక్కు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. మేడం గారి అక్కయ్య కదా, మీరేం చేస్తుంటారమ్మా అని అడిగింది. ఏం లేదు బిడ్డా, ఇంట్లోనే అని నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా పటంలో సుగుణ ఉంది. ఆగాను.

"గట్ల అడగకు బిడ్డా. పొద్దుగాల్నుంచి నీ చేతులు ఏం చేసినయని అడుగు. అప్పుడు చెప్త."

ఆ పిల్ల పేజీ తిప్పి, అట్లాగే అడిగింది. చెప్పాను. పొయ్యి వెలిగించిన దగ్గర్నుంచి, మనవరాలికి జడ వేసి, పన్నెండు కండెలు చుట్టి, సభకు కట్టుకున్న ఈ చీర ఉతికి ఆరేసినదాకా చెప్పాను. చివరికి ఆ పటం మీద ఉన్న బంతిపూల దండ గుచ్చింది కూడా ఈ చేతులేనని చెప్పాను. రెండు పేజీలు నిండాయి.

మా సుగుణ లాంటి మనిషి మళ్లీ రాదు. ఆమె నేర్పిన ప్రశ్న మాత్రం మన దగ్గరే ఉంది. ఓపికగా విన్నారు, మీ కడుపు చల్లగుండ. మీ ఇంట పొయ్యి ఆరకుండా ఉండాలి. పని చేసే ఏ చేయీ మీ గడపలో మరుగున పడకూడదు. మీ ఇంటి ఆడబిడ్డ ఎవరడిగినా తల దించకుండా, నేను ఇంత పని చేశానని చెప్పుకునేలా ఉండాలి.