పేనుబంకకు పుట్టిల్లు

మా లియోనీడ్ వదినకు మొహమాటం తెలియదు. మెయిన్ రాష్ట్రానికి ఉత్తరపు కొసన, ఈ నది ఒడ్డున విత్తనపు బంగాళాదుంప వేసే వాళ్లందరూ ఆవిడ చేత తిట్లు తిన్నవాళ్లే. జేబులో భూతద్దం వేసుకుని అందరి చేలల్లో ఆకులు తిరగేసి, రసం పీల్చే పేనుబంక పురుగుల్ని వెతికేది ఆవిడే మరి.

"పేనుబంకంటే ఒక్కటే అనుకుంటారేం? మన దుంపకు పట్టేవే నాలుగు రకాలు" అని కసిరేది. వేసవంతా వాటిలో అన్నీ ఆడవేనట. మగతోడు లేకుండా పిల్లల్నే కంటాయి. పుట్టిన పిల్ల కడుపులో అప్పటికే ఇంకో పిల్ల ఉంటుంది. చలి ముదిరేముందు మాత్రం మగవి పుడతాయి. అప్పుడు ఏ రకానికా రకం తన చెట్టు వెతుక్కుని గుడ్లు పెడుతుంది. వసంతంలో ఆ గుడ్లలోంచి పుట్టినవే మళ్లీ దుంప చేల మీదికి ఎగిరొస్తాయి.

ఒక ఏడు జూలైలో ఆవిడ భర్త, మా అడెలార్ అన్నయ్య చేనుకే పేనుబంక పట్టింది. అవి ఆకుముడత వైరస్ అంటిస్తే ఆ దుంప విత్తనానికి పనికిరాదు. అన్నయ్య ఊగిపోయాడు.

"ఇది పక్క చేను ఓజిమ్ గాడి కంచె గులాబీల్లోంచే వచ్చింది. ఇవాళ వాటిని పీకి పారేస్తా!"

"కాస్త ఆగు, చూడనీ" అంది వదిన.

పురుగు మీసాల మొదట్లో బుడిపెలు బయటికి విచ్చుకుంటే గులాబీ రకం, లోపలికి వంగితే ప్లమ్ రకం. భూతద్దంలో అవి లోపలికే వంగి కనిపించాయి. ఆ రోడ్డు పొడుగునా ప్లమ్ చెట్టు ఒక్కటే, వదిన వంటింటి గుమ్మం పక్కన. చర్చి జాతరలో ఆవిడ ప్లమ్ జామ్ కోసం జనం ఎగబడేవాళ్లు. ఆవిడ నోరు మెదపకపోతే అడిగేవాడు లేడు.

"ఓజిమ్‌ని ఏమీ అనకు. వీటి పుట్టిల్లు మన గుమ్మంలోనే ఉంది."

"పిచ్చా నీకు? జామ్ లేకుండా నా ప్లోయ్ అట్లు గొంతు ఎలా దిగుతాయి?"

"మంచినీళ్లతో దిగుతాయి. రంపం ఇలా ఇవ్వు."

చెట్టు కోస్తూ కళ్లు తుడుచుకుంది, చెయ్యి మాత్రం ఆపలేదు. ఇలాంటి మనిషి మా ఇంటి కోడలైనందుకు నాకు ఇప్పటికీ ఛాతీ పొంగుతుంది. ఆ ఏటి పంట మాత్రం తిండి దుంపగానే, తక్కువ ధరకు అమ్ముడుపోయింది.

మరుసటి వసంతంలో ఓజిమ్ తనంతట తనే గులాబీ రెమ్మ పట్టుకుని వచ్చాడు.

"చూసి చెప్పమ్మా లియోనీడ్. ఇంకొకడి మాటైతే విననుగానీ, నువ్వు పీకమంటే రేపే పీకేస్తా."

వదిన ప్లమ్ మోడు మీద కూర్చుని భూతద్దం తీసింది.

"ఇది గులాబీ రకమే. వైరస్ మోయడంలో దీనికంత సత్తా లేదు. ఉండనీ, పూయనీ."

ఆ వేసవిలో ఓజిమ్ కంచె నిండా పూలు పూశాయి. చలి రాకముందే తవ్విన అన్నయ్య దుంపలు విత్తనానికే నిలిచాయి.