సర్వేయరుగారి జీపీఎస్

సర్వేయరుగారు రిటైరైన నెలలోనే కారు అద్దానికి అతికించుకునే జీపీఎస్ కొన్నారు. కారెక్కగానే తన కళ్లద్దాలకంటే ముందు దాని తెరను మెత్తటి గుడ్డతో తుడుస్తారు. దిగేటప్పుడు ఊడదీసి చొక్కా జేబులో భద్రంగా పెట్టుకుంటారు. అందులోని ఆడగొంతు "ఎడమకు తిరగండి" అంటే, "అలాగేనమ్మా" అని మర్యాదగా జవాబిస్తారు. ముప్పై ఏళ్లుగా పక్కన కూర్చుని దారి చెప్పిన భార్యకు మాత్రం అంత మర్యాద ఏనాడూ దక్కలేదు.

ఆమె తమ్ముడికి గుండె ఆపరేషన్. లోపలికి తీసుకెళ్లేలోగా అక్కను ఒక్కసారి చూడాలన్నాడు. పొద్దున్నే బయల్దేరారు.

"వంతెన మూసేశారటండీ, పక్కింటావిడ చెప్పింది. మార్కెట్ మీంచి పోదాం."

"ఆకాశంలోంచి చూసి చెప్పేదానికంటే మీ పక్కింటావిడకి ఎక్కువ తెలుసా? కాసేపు నోరు మూసుకుని కూర్చో."

వంతెన మొదట్లోనే అడ్డంగా బండరాళ్లు పేర్చి ఉన్నాయి. వెనక్కి మళ్లి, ఊరంతా చుట్టి ఆస్పత్రి చేరేసరికి తమ్ముణ్ణి లోపలికి తీసుకెళ్లి పావుగంటయింది.

"తలుపు మూసేదాకా 'అక్కొచ్చిందా' అని అడుగుతూనే ఉన్నారు వదినా," అంది మరదలు. ఆ తలుపులోంచి అతను ప్రాణాలతో బయటికి రాలేదు.

ఆ నెలాఖరున సర్వేయరుగారు జీపీఎస్‌లో కొత్త మ్యాపులు ఎక్కించుకున్నారు. వంటింట్లో ఉన్న భార్య దగ్గరికి దాన్ని పట్టుకెళ్లి, "ఇదిగో చూడు, వంతెన మూసినట్టు ఇప్పుడు సరిగ్గా చూపిస్తోంది," అన్నారు ఉత్సాహంగా.

ఆమె తెరవైపు చూసింది.

"ఆ దారిన ఇంకెవరి కోసం వెళ్లాలండీ?" అంది.