అడగని లింకుకి తిరుగు కానుక

అదాచి చిసేకి ఎవరైనా ఏదైనా ఇచ్చారంటే వాళ్ళ పని అయిపోయినట్టే. పక్కింటివాళ్ళు పెరట్లో కాసిన ముల్లంగి రెండు చేతిలో పెట్టి వెళితే, వాళ్ళు ఇంకా చెప్పులు విప్పకముందే ఉడికించిన చిలగడదుంపలతో చిసే వాళ్ళ గుమ్మంలో నిలబడేది. పుచ్చుకున్నది ఆవిడకి అరగాలంటే ముందు బదులు ఇచ్చెయ్యాలి. జపాన్‌లోని మత్సుయె ఊళ్ళో కాలవ పక్క వీధికి కాపురానికి వచ్చి ముప్పై ఏళ్ళు దాటినా, ఆవిడ చేత ఒక్క గిన్నె ఖాళీగా తిప్పి పంపించగలిగినవాళ్ళు లేరు. చిసే గారికి ఏదైనా ఇవ్వాలంటే ముందు మన ఫ్రిజ్‌లో చోటుందో లేదో చూసుకోవాలని వీధిలో నవ్వుకునేవారు. ఆ మాట ఆవిడ చెవిన పడింది కూడా. పడితే తనూ నవ్వి, నవ్వినవాళ్ళకి మర్నాడు ఎండు చేపలు పంపింది.

భర్త యసుజి పట్టు కిమోనోల మీద పడ్డ మరకలు తీసే పనివాడు. తాతల నాటి పని. బట్టంతా ఉతకడు. మరక పడ్డచోట మాత్రం కింద మెత్త పెట్టి, చిన్న కుంచెతో తట్టి తట్టి, అది దేని మరకైతే దానికి తగ్గ మందు వేసి, రంగు పోయినచోట మళ్ళీ రంగు అద్ది, అక్కడ అసలేమీ జరగనట్టు చేసి ఇస్తాడు. పని ఎంత బాగా చేస్తే అంత కనపడకుండా పోతుంది కాబట్టి ఆయన్ని పొగిడినవాళ్ళు మొదటినుంచీ తక్కువే. కిమోనోలు తొడిగేవాళ్ళు తగ్గాక ఆ తక్కువ కూడా మిగల్లేదు.

ఆ వసంతంలో ఒకరోజు అన్నం తింటూ ఆయన ఒక మాట చెప్పాడు. ఏడాది చివర ఇల్లు దులిపేటప్పుడు కుంచెలు కూడా కట్టి అటక మీద పెట్టేస్తానని, కొత్త సంవత్సరం నుంచి సూపర్ మార్కెట్ పార్కింగులో కార్లకి దారి చూపించే పనికి వెళతానని. పులుసులో ఉప్పు తగ్గిందని చెప్పినంత మామూలుగా చెప్పాడు. చిసేకి ఆ చేతులు ఎర్రలైటు కర్ర పట్టుకుని కార్లకి దారి చూపించడమేమిటని ఏడుపొచ్చింది. ఊళ్ళో పని లేకపోతే పైఊళ్ళలో ఉంటుంది కదా, తపాలాలో తెప్పించుకోలేమా అనుకుంది. వర్తక సంఘంవాళ్ళు వెబ్‌సైట్లు పెట్టడం నేర్పుతున్నారని తెలిసి వెళ్ళి ముందు వరసలో కూర్చుంది.

నేర్చుకుంది కూడా. దుకాణం ఫొటో, ఎవరినో కొట్టబోతున్నట్టున్న యసుజి ఫొటో, తాతగారి కాలం నుంచీ తమరి సేవలో ఉన్నామన్న వినయపూర్వకమైన నాలుగు వాక్యాలు, అన్నిటికంటే కింద "మా పేజీకి లింకు పెట్టదలచినవారు దయచేసి ముందుగా మాకు తెలియజేయగలరు" అన్న మర్యాదైన మాట. వేసవి వచ్చింది. తెలియజేసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఒక్క పార్సెలూ రాలేదు.

క్లాసు చెప్పిన నోజు గారు కుండబద్దలు కొట్టినట్టు మాట్లాడే మనిషి. వేరేవాళ్ళ పేజీల నుంచి లింకులు ఉంటేనే, వెతికేవాళ్ళకి మీ పేజీ పైకి కనిపిస్తుందని ఆవిడ ముందే చెప్పింది. అందుకని చిసే వీధి చివరి టోఫు కొట్టుతో, క్షవరశాలతో మాట్లాడుకుని, మీది మేము పెడతాం మాది మీరు పెట్టండని ఇచ్చిపుచ్చుకుంది. నోజు గారు అదీ చూసింది, కింద రాసిన వాక్యమూ చూసింది.

"లింకు పెట్టొద్దని మీరే బోర్డు కట్టి, ఎవరూ పెట్టట్లేదంటే ఎలా అమ్మగారూ?"

"పెట్టొద్దనలేదండీ, చెప్పి పెట్టమన్నాను. గుమ్మంలోంచి ఒక్క కేకైనా వెయ్యకుండా ఇంట్లోకి ఎవరొస్తారు?"

"ఇది ఇల్లు కాదండీ, వీధి. ఫలానా కొట్టు ఫలానా చోట ఉందని దారిన పోయేవాళ్ళకి చూపించడానికి మీ అనుమతి దేనికి?"

టోఫు కొనేవాడికి మరకతో పనేమిటని కూడా అడిగింది. అడిగి పెట్టించుకున్నదీ, ఇచ్చి పెట్టించుకున్నదీ నిలబడవని, ఎవరంతట వాళ్ళే పెట్టాలని, అలా పెట్టాలంటే మీకు పైసా లాభం లేకపోయినా వాళ్ళకి పనికొచ్చేదేదో మీ పేజీలో ఉండాలని చెప్పింది. చిసేకి తలా తోకా అర్థం కాలేదు. నాకు కావాలని వాళ్ళకి తెలియకుండా వాళ్ళెలా ఇస్తారు? అయినా తల ఊపి, మర్నాడు నోజు గారికి ముత్యపుచిప్పల పులుసు పట్టుకెళ్ళి ఇచ్చింది.

ఆలోచించగా ఆలోచించగా ఆవిడకి తట్టింది ఒకటే. యసుజి దగ్గరికి వచ్చే బట్టల్లో సగం, మరక వల్ల కాక, మరక పడ్డాక యజమానులు చేసిన నిర్వాకం వల్ల పాడైనవే. భోజనంలో సోయా సాసు ఒలుకుతుంది, ఎదురుగా తడి రుమాలు ఉంటుంది, తీసి రుద్దేస్తారు. పట్టు పొర లేచిపోతుంది. ఇక దానికి దేవుడు కూడా ఏమీ చెయ్యలేడు. వాళ్ళు వెళ్ళాక యసుజి గోడతో గొణుక్కునే తిట్లన్నీ చిసేకి కంఠతా వచ్చు. ఆ తిట్లలోంచి తిట్టు తీసేసి మిగిలింది పేజీలో పెట్టింది. మరక పడగానే ఏం చెయ్యకూడదు. రుద్దకండి, పొడిగుడ్డతో ఊరికే అద్దండి. నెత్తుటి మరకకి వేడినీళ్ళు తగలనివ్వకండి. నూలు బట్ట మీది కూర పసుపుని ఉతికి ఎండలో ఆరెయ్యండి, సూర్యుడే తీసేస్తాడు, మాకు పంపకండి. ఫలానావి మేము కూడా తియ్యలేం, పంపితే తపాలా ఖర్చు దండగ.

"వచ్చేవాణ్ణి కూడా రావద్దని రాస్తున్నావా?" అన్నాడు యసుజి.

ఆవిడకీ అదే అనుమానంగా ఉంది. కాని జరిగింది వేరు. వేసవి పండగ వెళ్ళాక, పద్ధతిగా తేనీరు కాచి అతిథులకి అందించడం నేర్పే కత్సుబె అనే తేనీటి గురువమ్మ తన శిష్యురాళ్ళ పేజీలో ఈ మరకల పేజీకి లింకు పెట్టింది. ఎక్కడో క్యూషూలో పసిపిల్లల బడి తల్లులు పెట్టారు. సరస్సు వైపున్న చిన్న గ్రంథాలయం, జనం తరచూ అడిగే ప్రశ్నల పేజీలో పెట్టింది. ఒక్కరూ అడగలేదు, ఒక్కరూ చెప్పలేదు. ఆ వెనకే పార్సెళ్ళు మొదలయ్యాయి. నాగోయా నుంచి పెళ్ళి కిమోనో, అకితా నుంచి అమ్మమ్మ నాటి పట్టు. యసుజి పార్కింగు మాట ఎత్తడం మానేసి, పని చేసుకుంటూ కూనిరాగాలు తీశాడు. ఆ రాగం ఎంత అపశ్రుతిగా ఉన్నా చిసేకి ప్రాణం లేచివచ్చింది.

ఇంత మేలు చేసినవాళ్ళని చూస్తూ చూస్తూ ఊరుకునే మనిషా? లింకు పెట్టినవాళ్ళ చిరునామాలు పట్టుకుని, ఊళ్ళో పేరున్న కొట్లో మిఠాయి పెట్టెలు కొని, ఒక్కొక్కరికీ పంపించింది.

తేనీటి గురువమ్మ మొహమాటపడి మంచి తేయాకు పంపింది. చిసే దానికి బదులు ఎండు చేపలు పంపింది. గురువమ్మ పీచుపళ్ళు పంపి, ఊరుకోలేక, తన పేజీలో అదాచి దంపతులంతటివాళ్ళు దేశంలో లేరని రాసేసింది. పసిపిల్లల బడి తల్లి ఒకామె, లింకు పెడితే మిఠాయి వచ్చిందంటూ పెట్టె ఫొటో అందరికీ చూపించింది. గ్రంథాలయం నుంచి ఫుకుమ అనే ఉద్యోగిని ఫోన్ చేసి, ఫోన్లోనే వంగి వంగి దణ్ణాలు పెడుతున్నట్టు మాట్లాడింది. మేము వ్యాపారస్తుల దగ్గర ఏమీ పుచ్చుకోకూడదండీ, పెట్టె తిప్పి పంపుతున్నాం, పుచ్చుకుని పెట్టినట్టు కనపడుతుంది కాబట్టి లింకు కూడా తీసేస్తున్నాం, క్షమించండి అంది.  మర్యాద చేస్తే దెబ్బ తగలడం చిసే ఎరగదు.

ఆ లోటు తీర్చడానికా అన్నట్టు కొత్త లింకులు కుప్పలు తెప్పలుగా వచ్చిపడ్డాయి. మొహానికి పూతలు అమ్మే పేజీ, అప్పులిప్పించే పేజీ, జాతకాలు చెప్పే పేజీ. అందరూ మరకల గురించి ఒకటే వాక్యం రాసి, కింద తమ చిరునామా మాత్రం స్పష్టంగా రాశారు. మరకలంటే జ్యోతిష్కులకి ఇంత శ్రద్ధ ఎప్పటినుంచో చిసేకి అర్థం కాలేదు. అయినా ఇచ్చినవాళ్ళు ఇచ్చినవాళ్ళే కదా. అందరికీ పంపింది. మనం మరకలు తీస్తున్నామా మిఠాయిలు పంచుతున్నామా అని యసుజి విసుక్కున్నాడు.

ఆకులు రాలే కాలానికి పార్సెళ్ళు పలచబడి, ఆగిపోయాయి. వెతికితే వాళ్ళ పేజీ ఎక్కడా కనబడటం లేదు. ఒక ఉదయం యసుజి కుంచెలన్నీ కడిగి, కిటికీ దగ్గర వరసగా ఆరబెట్టాడు. పనిలో ఉన్న కుంచెని ఆయన ఎన్నడూ అంత శుభ్రంగా కడగడు. అది చూడగానే చిసే కోటు గుండీలు కూడా సరిగ్గా పెట్టుకోకుండా నోజు గారి దగ్గరికి పరిగెత్తింది.

నోజు గారు చూసి తల పట్టుకుంది. ఇవన్నీ కొనుక్కున్న లింకుల్లా ఉన్నాయని, అలాంటి పేజీని వెతికేవాళ్ళకి కనపడకుండా కిందకి తోసేస్తారని అంది. కొనలేదండీ, బదులిచ్చానంతే అంది చిసే. ఆ తేడా వెతికిపెట్టే యంత్రానికి ఎలా తెలుస్తుందని నోజు గారు అడిగితే, తెలియకపోతే అదేం యంత్రమని చిసేకి ఒళ్ళు మండింది. ఏమైతేనేం, మిఠాయి కోసం పెట్టినవాళ్ళందరికీ రాసి, క్షమించమని చెప్పి, లింకులు తీసెయ్యమని అడగాలని తేలింది.

"మరి క్షమాపణతో ఏ మిఠాయి పంపమంటారు?" అని అడిగింది చిసే.

నోజు గారు ఏమీ పంపకుండా రాయాలని రెండుసార్లు చెప్పింది. వట్టి చేతులతో క్షమాపణ చెప్పుకోవడం చిసే జన్మలో ఎరగదు. ఒక్కో ఉత్తరం రాస్తుంటే సిగ్గుతో చెవులు కాలిపోయాయి. చాలామంది తీసేశారు. జాతకాలవాడు మాత్రం, తీసెయ్యడానికి రెండో పెట్టె ఎప్పుడు పంపుతారని అడిగాడు.

ఇక మిగిలింది గ్రంథాలయం. డిసెంబరు వచ్చేసింది, ఏడాది చివరి దులుపుడు దగ్గరపడింది. చిసే సరస్సు గాలికి వణుకుతూ నడిచివెళ్ళింది. చేతిలో ఏమీ లేదు. దారిలో మిఠాయి కొట్టు ముందు రెండుసార్లు ఆగి, రెండుసార్లూ తనని తనే లాక్కుని పోయింది.

ఫుకుమ నడివయసు మనిషి, కళ్ళజోడు తాడుతో మెడలో వేసుకుని ఉంది. చిసే నడుం సగానికి వంచి, తన వల్ల మీకు ఇబ్బంది కలిగిందని, మీరు చేసిన సాయానికి ఏమివ్వాలో తెలియక అలా చేశానని చెప్పుకుంది. ఫుకుమ తికమకగా చూసింది.

"సాయమా? మీకోసం పెట్టలేదండీ అది."

"మరి?"

"కూతురి స్నాతకోత్సవం పొద్దున్నే ఒకావిడ ఫోన్ చేసి ఏడుపు. కిమోనో మీద సిరా పడిందిట. అలాంటివాళ్ళు వారానికొకరు ఉంటారు. ఏం చెప్పాలో మాకూ తెలిసేది కాదు. మీ పేజీలో ఉంది కాబట్టి వాళ్ళకోసం పెట్టాం. మీరెవరో కూడా మాకు తెలీదు."

 ఇన్ని నెలలూ తను బదులు తీర్చుకుంటూ తిరిగింది తనకి ఎవరూ ఇవ్వనిదానికా? చిసేకి కొంచెం అవమానంగా ఉంది, కొంచెం ఎందుకో తేలిగ్గా ఉంది, ఏది ఎక్కువో తేల్చుకోలేకపోయింది. వాళ్ళకోసమైతే మళ్ళీ పెట్టండని అడగబోయి, అడిగి పెట్టించుకున్నది నిలబడదన్న మాట గుర్తొచ్చి నోరు మూసుకుంది. 

ఫుకుమే అంది, "ఇంకెప్పుడూ మాకు ఏమీ పంపనని మాటిస్తే పెట్టేస్తానండీ. జనం ఇంకా అడుగుతూనే ఉన్నారు."

"కొత్త సంవత్సరానికి ఒక కార్డైనా..."

"కార్డు కూడా వద్దు."

చిసే మాటిచ్చింది. ముప్పై ఏళ్ళ కాపురంలో అంత కష్టమైన పని చెయ్యలేదు.

దులుపుడు రోజు యసుజి తలకి తువ్వాలు చుట్టుకుని, అటక దులిపి, కుంచెలు గుడ్డలో చుట్టి తాడు కట్టాడు. నిచ్చెన వేస్తుండగా తపాలా అతను వచ్చాడు. పార్సెల్ తొయామా నుంచి. లోపల లేత నీలం కిమోనో, ఛాతీ దగ్గర అరచేతంత సోయా మరక. చిన్న చీటీలో, మా ఊరి గ్రంథాలయంవాళ్ళు మీ ఊరి గ్రంథాలయం పేజీ చూసి మీ మాటలు చదివి వినిపించారు, మీరు చెప్పినట్టే ఏమీ చెయ్యలేదు అని రాసి ఉంది. పంపినవాళ్ళ పేరు చిసే ఎన్నడూ వినలేదు.

యసుజి బట్టని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. పోగు ఒక్కటి కూడా లేవలేదు.

"రుద్దలేదే," అన్నాడు.  "ఎవరూ రుద్దలేదే దీన్ని."

నిచ్చెన పక్కకి తోసి, కుంచెల కట్టకున్న తాడు పళ్ళతో కొరికి తెంపాడు. చిసే చీపురు పట్టుకునే నడుం సగానికి వంచి దణ్ణం పెట్టింది. గదిలో వాళ్ళిద్దరే ఉన్నారు. ఆవిడ ఎంతసేపటికీ తల ఎత్తకపోతే యసుజి వెనక్కి తిరిగి చూశాడు.

"ఎవరికే, ఆ దణ్ణం?"

"తెలీదండీ," అంది చిసే.