లారీ నీడకు కట్టిన అద్దె

ఆ రోజుల్లో మా వైపు రోడ్లు ఇరుకు, లారీలు తక్కువ. ఇప్పుడు రోడ్లు వెడల్పయ్యాయి, లారీలు పెరిగాయి. ఈ రెండు కాలాల్లోనూ మారనిది ఒకటుంది. కళ్లు మూతలు పడుతున్న డ్రైవరు లారీని ఓ వారగా పెట్టుకొని కాసేపు నడుం వాల్చుదామంటే అప్పుడూ చోటు లేదు, ఇప్పుడూ లేదు. మొన్న బందరు వెళ్తూ చూశాను, హైవే అంచున ఒక లారీ సగం తారు మీద, సగం మట్టిలో నిలబడి ఉంది. కిటికీలోంచి రెండు పాదాలు బయటికి చాచి ఉన్నాయి. కారు నడుపుతున్న మా అల్లుడు, "చూడండి మావయ్యగారూ, రోడ్డు వీళ్ల తాతగారిదనుకుంటారు" అని విసుక్కున్నాడు. నేనూ ఒకప్పుడు ఒక లారీ డ్రైవరు నిద్రకు కాపలా కాసినవాణ్ణే. ఆ సంగతి మా అల్లుడికి చెబితే నా మీద ఉన్న కాస్త గౌరవమూ పోతుందేమోనని ఇన్నాళ్లూ దాచాను. (డైరీలు రాసే అలవాటు నాకు హైస్కూలు నుంచీ ఉంది. కాని ఆ రోజు పేజీలో ‘కాళ్లు మంట, ఆకలి లేదు’ అని తప్ప మరేం రాయలేదు. అప్పుడు రాసుకోవడానికి సిగ్గేసింది, ఇప్పుడు చెప్పుకోవడానికి సరదాగా ఉంది.)

అప్పుడు నేను గుడివాడలో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో కొత్తగా చేరిన గుమాస్తాని. బి.కాం. పాసయ్యాను. ఇస్త్రీ చొక్కా, పాలిష్ చేసిన బూట్లు, జేబులో రెండు పెన్నులు. ఒకదాంట్లో సిరా అయిపోతే రెండోది. ఏ పనైనా పద్ధతిగా చేస్తానని మా పెద్దగుమాస్తా గారు నన్ను ముద్దుగా ‘స్కేలు’ అని పిలిచేవారు. (ముద్దుగానే అనుకొని చాలాకాలం మురిసిపోయాను.) డిసెంబరు నెల. విశాఖపట్నం నుంచి వలలు, నైలాన్ తాళ్లతో ఒక లారీ పొద్దున్నే మా ఆఫీసు ముందు ఆగింది. సరుకు దివిసీమలో నాగాయలంక దాకా వెళ్లాలి. దార్లో క్లీనరుకి జ్వరం వస్తే ఏలూరులో బస్సెక్కించి పంపేశాడట డ్రైవరు. ఆయనకి ఇటు దారి తెలియదు. పెద్దగుమాస్తా గారు నా వైపు చూశారు.

"స్కేలూ, నువ్వు వెళ్లు. దారి చూపించు, సరుకు అప్పజెప్పి సంతకం పుచ్చుకో. దార్లో డ్రైవరుకి నిద్ర పట్టకుండా ఏదో ఒకటి మాట్లాడిస్తూ ఉండు."

డ్రైవరు చిలకలూరిపేట వైపు మనిషి, భారీ విగ్రహం, గుబురు మీసం. అందరూ ఆయన్ని బాబాయ్ అనేవారు, నేనూ అలాగే పిలిచాను. ఆయన కళ్లు మందారాల్లా ఉన్నాయి. ఎప్పుడు పడుకున్నారని అడిగితే, కాసేపు ఆలోచించి, "గుర్తొస్తే చెప్తాలే తమ్ముడూ" అన్నాడు.

పెద్దగుమాస్తా గారి ఆజ్ఞ ప్రకారం నేను మాటలు మొదలుపెట్టాను. నాకు తెలిసినవి డబుల్ ఎంట్రీ పద్ధతి, బ్యాలెన్సు షీటు. వాటి గురించే చెప్పాను. ఊరు దాటి కాలవ గట్టు రోడ్డెక్కేసరికి తరుగుదల లెక్కగట్టే విధానంలోకి వచ్చాను. ఆ అధ్యాయం వింటూ క్లాసులో మేమందరం పడుకునేవాళ్లం. బాబాయ్ కూడా మానవమాత్రుడే కదా! ఉన్నట్టుండి లారీ ఎడమవైపుకి జారింది. చక్రాలు తారు దిగి గట్టు మట్టిలో పడ్డాయి. కిటికీలోంచి చూస్తే నాకు రోడ్డు కనబడలేదు, కాలవ నీళ్లే కనిపించాయి. నేను పెట్టిన కేకకి ఆయన ఉలిక్కిపడి స్టీరింగు తిప్పాడు. లారీ మళ్లీ రోడ్డెక్కింది.

"ఈత వచ్చా తమ్ముడూ?" అన్నాడు బాబాయ్.

"రాదండీ."

"కాలవల దేశంలో పుట్టి ఈత రాదా! సరే, ఓ గంట పడుకోకపోతే ఇవాళ నీకు నేర్పేట్టున్నాను. ఎక్కడైనా ఆపే చోటు చూడు."

ఇది తేలికైన పనే అనుకున్నాను. పామర్రు సెంటర్ దగ్గర పెట్రోలు బంకులో ఓ మూల ఖాళీగా కనిపిస్తే ఆపించాను. బంకు కుర్రాడు తుండు ఝాడిస్తూ పరుగెత్తుకొచ్చాడు. "ఆయిల్ కొట్టించుకుంటారా? లేదా? అయితే తియ్యండి తియ్యండి." టీ కొట్టు ముందు ఆపితే, "మా కొట్టు కనపడకుండా పోతందండీ, మీరు తాగే రెండు టీలకి నా బేరాలన్నీ ఆపుకోమంటారా?" అన్నాడు యజమాని. రైసు మిల్లు ఆవరణ నిండా ధాన్యం ట్రాక్టర్లు. కల్యాణమండపం గేటు బార్లా తీసి ఉంటే లోపలికి పోనిచ్చాం. పట్టు పంచె కట్టుకున్న పెద్దాయనొకరు ఎదురొచ్చి, "వంట సామాను ఇప్పుడా తేవడం? ముహూర్తం దాటిపోయాక ఎవడికి పెడతావయ్యా?" అని కేకలేశారు. వెనక్కి తీశాం. బడి ముందు ఆపబోతే మాస్టారు బెత్తంతోనే బయటికొచ్చారు. (బాబాయ్ అంతటి మనిషి ఆ బెత్తాన్ని చూడగానే గేరు వేశాడు.) ఇక రోడ్డు వార అంటారా, అది కోతల కాలం. మా ప్రాంతంలో కోతలయ్యాక రోడ్డు వార సర్కారుది కాదు, వడ్లది. తారు అంచు వెంబడి మైళ్ల పొడుగునా ధాన్యం ఆరబోసి ఉంటుంది. లారీ కాదు గదా, కోడిపిల్ల దిగడానికి సందుండదు.

పామర్రు దాటి మొవ్వ వైపు తిరిగాక, ఒకచోట రోడ్డు పక్కన ఎప్పుడో బస్సులు ఆగడానికి చదును చేసిన జాగా కనిపించింది. అందులోనూ తూర్పు వైపంతా వడ్లున్నాయి గానీ, రోడ్డు వైపు లారీ పట్టేంత ఖాళీ ఉంది. వడ్ల మధ్య ఒక పెద్దావిడ, తల మీద తువ్వాలు, చేతిలో కాకుల్ని తోలే కర్ర. నేను దిగి చేతులు జోడించాను.

"మామ్మగారూ, మా డ్రైవరుగారికి రెండు రాత్రుల నిద్ర లేదండీ. ఇందాక కాలవలోకి పోబోయాం. కాసేపు ఇక్కడ ఆపుకుంటాం."

ఆవిడ క్యాబినులోకి తొంగి చూసింది. బాబాయ్ అప్పటికే స్టీరింగు మీద వాలిపోయాడు.

"అయ్యో, పాపం. ఏ తల్లి కన్న బిడ్డో! ఆపుకోండి. నా వడ్లు మాత్రం తొక్కకండి."

బాబాయ్ సీటు మీద అడ్డంగా పడుకొని, "తమ్ముడూ, నేనే లేవాలి గాని నువ్వు లేపకు. మధ్యలో లేపితే ఆ నిద్ర మళ్లీ రాదు, వస్తే కాలవ గట్టు మీదే వస్తుంది" అన్నాడు. సరేనని మాటిచ్చాను. మరుక్షణంలో గురక మొదలైంది. నేను రుమాలు పరుచుకొని రాయి మీద కూర్చున్నాను.

మధ్యాహ్నం తిరిగేదాకా అంతా బాగానే ఉంది. తరవాత మామ్మగారు కర్రతో క్యాబిను తలుపు కొట్టబోయింది. గభాల్న అడ్డం వెళ్లాను.

"ఏమయిందండీ?"

"నీడ, అబ్బాయ్, నీడ! మీ లారీ నీడ నా వడ్ల మీద పడతంది. కాస్త ముందుకి తియ్యమను."

నిజమే. పొద్దు పడమరకి వాలుతుంటే లారీ నీడ తూర్పుకి పాకుతోంది.

"కాస్త నీడేగా మామ్మగారూ..."

"కాస్తా? చలికాలపు ఎండ, ఉన్నదే అరచేతంత! నీడలో ఆరిన గింజని మిల్లాయన పంటి కింద పెట్టి చూస్తాడు. టక్కుమనలేదా, పచ్చిగా ఉన్నాయని మొత్తం వెనక్కి పంపుతాడు. రేపు మబ్బు పట్టేట్టుంది. నాకున్నది ఈ పూట ఎండే. తియ్యమను లారీ!"

నాకు లారీ నడపడం రాదు. డ్రైవరుని లేపకూడదు. ఆవిడ మాటా నిజమే. ఇంత ఇరకాటంలో నా బుర్రకి తట్టింది ఒకటే: లారీ కదలకపోతేనేం, వడ్లని కదిలించవచ్చు కదా!

"మీరు కూర్చోండి మామ్మగారూ. నీడ పడ్డ వడ్లన్నీ నేను ఎండలోకి లాగుతాను" అన్నాను.

ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "నువ్వా? ఆ బూట్లతోనా?"

బూట్లు విప్పాను. మేజోళ్లు మడిచి బూట్లలో పెట్టాను, ప్యాంటు మోకాళ్లదాకా మడిచాను, చొక్కా విప్పి లారీ అద్దానికి తగిలించాను. ఆవిడ తన తువ్వాలు నా తలకి చుట్టి, పొడుగాటి పిడి బిగించిన చెక్కపలక ఒకటి చేతికిచ్చింది. "లాగాక కాళ్లు ఈడుస్తా నడువు. సాళ్లు పడాలి. అప్పుడే అడుగు గింజ పైకొస్తది" అని నేర్పింది. వడ్లలో కాళ్లు ఈడ్చడం ఎవరికైనా తెలుసా? మొదట గిలిగింతలుగా ఉంటుంది. తరవాత దురద. ఆ తరవాత అది దురదో మంటో తేల్చుకోవడం మానేస్తాం.

నేను దీన్ని కూడా పద్ధతిగానే చేశాను. నీడ అంచున వడ్లలో పలక అంచుతో గీత గీశాను. గీతకి ఇవతలి వడ్లు అవతలికి లాగడం, నీడ గీత దాటగానే ఇంకో గీత గీయడం. కాసేపయ్యాక ఈ పద్ధతిలో ఒక లోపం కనిపెట్టాను. ఇవాళ సాయంత్రం దాకా నీడ తూర్పుకే పాకుతుంది. లాగిందే మళ్లీ మళ్లీ లాగాలి. అదే లారీకి ముందువైపు, అంటే దక్షిణాన, అసలు నీడే పడదు. వడ్లన్నీ ఒక్కసారే అటు లాగేస్తే పని శాశ్వతంగా అయిపోతుంది! ఈ ఊహ రాగానే నా మీద నాకు అపారమైన గౌరవం కలిగింది. రెట్టించిన ఉత్సాహంతో లారీ ముందుకి లాగడం మొదలుపెట్టాను.

సైకిలు మీద పోతున్న ఒకాయన కాలు కింద పెట్టి, "ఏం పిన్నీ, కొత్త మనిషిని పెట్టావా?" అన్నాడు.

"మనిషి కాదురా, లారీ ఆపుకున్నాడు. అద్దె కడుతున్నాడు!" అంది మామ్మగారు.

"ఐతే రేపు మా కళ్లం దగ్గర కూడా ఆపుకోమను. మా వడ్లు ఇంకా తడి" అని నవ్వుకుంటూ పోయాడు. ఒక బస్సు నెమ్మదిగా వెళ్తుంటే కిటికీల్లోంచి తలలన్నీ నా వైపే తిరిగాయి. తువ్వాలు ముఖం మీదికి లాక్కున్నాను. మామ్మగారు మాత్రం గోనెపట్టా తెచ్చి సరిగ్గా నేను వడ్లు ఖాళీ చేసిన నీడలో పరుచుకుంది. "నీడ వడ్లకి చెడ్డది గాని మనుషులకి మంచిదే నాయనా" అంటూ చక్రానికి ఆనుకొని కళ్లు మూసుకుంది. పైన క్యాబినులో ఒక గురక, కింద చక్రం దగ్గర ఇంకో గురక. మధ్యలో నేనొక్కణ్ణే మేలుకొని ఉన్నాను.

అంతలో పక్క చేను ఆసామి ట్రాక్టరు నిండా ధాన్యంతో వచ్చి, లారీ వెనక, మేము లోపలికి వచ్చిన దారి దగ్గర ఆపాడు. "ఏవండీ, ఇక్కడ పోసుకుంటాం. మీ లారీకి ముందు నుంచి దారుందిగా?" అని మర్యాదగా అడిగాడు. నేను పని మీద ధ్యాసతో, తల కూడా ఎత్తకుండా, "ఉందండీ, పోసుకోండి" అన్నాను. ఆయన కుమ్మరించి వెళ్లిపోయాడు.

పొద్దు వాలుతుండగా బాబాయ్ లేచాడు. ఒళ్లు విరుచుకొని, కిందికి దిగి, కాలవ నీళ్లతో మొహం కడుక్కొని వచ్చాడు. ఆ కళ్లు తెల్లగా, పసిపిల్లాడి కళ్లలా ఉన్నాయి. "తమ్ముడూ, మళ్లీ పుట్టినట్టుందయ్యా! పద పోదాం" అంటూ లారీ ముందుకి నడిచి, అక్కడే ఆగిపోయాడు. బంపరుకి ఆనుకొని మోకాలెత్తున వడ్లు. వెనక్కి వెళ్లి చూశాడు, అక్కడ ఆసామి వడ్లు. రోడ్డు వైపు చూశాడు. బళ్లు వడ్లు తొక్కకుండా మామ్మగారు వరసగా పేర్చిన బండరాళ్లు.

"నిద్రపోయి లేచేలోపు లారీని నాటేశావా తమ్ముడూ? ఇంకో రెండు రోజులుంటే మొలకెత్తేదేమో!"

ఆ గోలకి మామ్మగారు లేచింది. "ఓరి నాయనోయ్! నా వడ్లన్నీ తెచ్చి లారీ కాళ్ల కింద పోశావేంటి?"

చేతిలో చెక్కపలక, తలకి తువ్వాలుతో అలాగే నిలబడ్డాను. ఇవాళ సరుకు చేరకపోతే పెద్దగుమాస్తా గారికి ఏం చెప్పాలి? ‘వడ్లు అడ్డం వచ్చాయి’ అని ఏ గుమాస్తా ఐనా చెప్పగలడా?

కాని బాబాయ్ తిట్టలేదు. వంగి గుప్పెడు వడ్లు తీసి, ఒక గింజ పంటి కింద పెట్టాడు. టక్కుమంది. మామ్మగారూ ఒకటి కొరికింది. ఇంకోటి కొరికింది. ముఖం విప్పారింది. "ఆరినయ్యిరా! గలగలా ఆరినయ్యి!" ఎటూ మంచు పడేలోపు కుప్ప చేయాల్సిందే కదా అని బాబాయ్ లుంగీ ఎగ్గట్టాడు. నాకు పూట పట్టిన పనిని ఆయన కాసేపట్లో చేశాడు. అంతా ఒక పక్కకి కుప్పపోసి, ముగ్గురం కలిసి దాని మీద బరకం కప్పి, అంచులకి రాళ్లు పెట్టాం. మామ్మగారు మా ఇద్దరికీ సత్తుగిన్నెలో చద్దన్నం, గోంగూర పచ్చడి పెట్టింది. "మళ్లీ ఇటొస్తే ఇక్కడే ఆపుకోండి నాయనా. ఏ ఎండకా నీడ చూసి ఆపుకోండి" అని సాగనంపింది.

దారి చూపించాల్సినవాణ్ణి నేను. లారీ కదలడం వరకే నాకు గుర్తుంది. చల్లపల్లి ఎప్పుడొచ్చిందో, పులిగడ్డ దగ్గర కృష్ణ ఎప్పుడు దాటామో తెలియదు. కళ్లు తెరిచేసరికి లారీ నాగాయలంకలో వ్యాపారి గోడౌను ముందు ఆగి ఉంది. నా మీద ఎవరో దుప్పటి కప్పారు. కింద బంపరు మీద కూర్చొని బాబాయ్ హమాలీలతో గుసగుసగా అంటున్నాడు: "కాసేపు ఆగండయ్యా, తాడు విప్పితే చప్పుడవుద్ది. మా తమ్ముడు ఇప్పుడే పడుకున్నాడు."

నేను లేచానని తెలిస్తే వాళ్లు పని మొదలుపెడతారు. అందుకని కళ్లు మూసుకొని ఇంకాస్త సేపు అలాగే ఉండిపోయాను. ఇప్పుడు నాకు మెత్తటి పరుపుంది, తెల్లారినా లేపేవాళ్లు లేరు, ఐనా కోడి కూయకముందే మెలకువ వచ్చేస్తుంది. అప్పుడు పాదాలు దుప్పట్లోంచి బయటపెట్టుకొని, వలల కంపు, డీజిలు వాసన మధ్య ఆ కుర్ర గుమాస్తా పోయిన దొంగనిద్రని తలచుకొని నవ్వుకుంటూ ఉంటాను. ఒక్కోసారి ఆ నవ్వులోనే మళ్లీ కునుకు పట్టేస్తుంది కూడా.