ప్రస్తుతానికి నడుస్తుంది

వీధిలో అతన్ని అందరూ 'ప్రస్తుతం' అనేవారు. పికప్ బండిలో బీరువాలు, మంచాలు ఇళ్లకు చేరవేయడం అతని పని. అద్దాల బీరువాను ఇరుకు మెట్ల మీదుగా పైకెక్కించినా గీత పడేది కాదు. జనం సామాను అంత పదిలం. సొంత బండికి ఏమొచ్చినా మాత్రం చేతికందింది చుట్టి, "ప్రస్తుతానికి నడుస్తుంది" అనేవాడు. గుండెలో నొప్పి వచ్చిననాడూ ఇంత బామ్ రాసుకుని అదే మాట అన్నాడు.

నడవలేదు.

అతను పోయాక బండి గేటు ముందే ఉండిపోయింది. తాళం తిప్పితే లేస్తుంది. ఆక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే వణికి, దగ్గి, ఆగిపోతుంది. వణుకు కొత్తదేం కాదు. అతను ఇల్లు చేరాడంటే బండి వణుకుకు గేటు గొళ్లెం గలగలలాడేది; ఆ మోత విని ఇంట్లోవాళ్లు వచ్చి గేటు తీసేవారు. ఆగిపోవడమే కొత్త.

"ఇంజన్ పోయింది వదినా. తూకానికి ఇచ్చేద్దాం. సాయంత్రం పాతినుము ఆయన్ని తీసుకొస్తా," అన్నాడు మరిది.

"పోయిందని నీకెవరు చెప్పారు?"

"ఆ చప్పుడు వింటే తెలియట్లా?"

"నీ గురకా అలాగే ఉంటుంది. నిన్నూ తూకానికి ఇచ్చేద్దామా?"

అతని భార్యకు బండి తోలడం వచ్చు. అతనికి పనిచ్చే చెక్కసామాన్ల కొట్టాయన, "బండి దారిలో ఆగకపోతే రేపట్నుంచి నువ్వే తోలమ్మా," అన్నాడు. బండి తూకానికి పోతే ఆ పనీ పోతుంది. ఆ తర్వాత మరిది ఇంట్లో ఓ గది, అతను కూర్చోమంటే కూర్చోవడం, లేవమంటే లేవడం. ఆ ఊహకే ఆమెకు ఒళ్లు మండింది.

ఏళ్ల తరబడి మొగుడు బానెట్ కింద తలదూరిస్తే సీట్లో కూర్చుని ఆక్సిలరేటర్ తొక్కింది ఆమే. "తొక్కు, వదులు, వదలమన్నానా?" అని తిట్లు తింటూనే అన్నీ చూసింది. ఇంజన్ తన దారిలోనే గాలి పీల్చాలి. ఎక్కడో రబ్బరు పైపు పగిలి దొంగగాలి దూరితే, కాలు తీయగానే ఆగిపోతుంది. ఆ పగులు పట్టుకోవాలి. మరి ఇప్పుడు తొక్కేదెవరు?

"అత్తయ్యా, వచ్చి బండెక్కండి."

"నేనా? నా మోకాళ్లు..."

"మీ నోటికున్న సత్తువలో సగం కాలికుంటే చాలు."

"కొడుకును మింగి నన్ను డ్రైవర్ని చేశాడు దేవుడు," అంటూ ఎక్కిన అత్తగారు స్టీరింగును కోడలి జుట్టులా పట్టుకుంది.

కోడలు కొంగు దోపుకుని, ఇస్త్రీబట్టల మీద నీళ్లు చిమ్మే సీసా తెచ్చింది. నడుస్తున్న ఇంజన్లో ఒక్కో అతుకు మీదా చిమ్మింది. పగులుంటే ఆ నీళ్లు లోపలికి పోయి ఇంజన్ గొంతు మారుతుంది.

పక్కపైపు దగ్గర మారింది. దాని చుట్టూ మసిబారిన తాడు. విప్పి చూస్తే తన లంగా బొందు! దాని కోసం ఇస్త్రీ ఆవిడతో వీధంతా వినేలా దెబ్బలాడింది.

వెనక చిన్న గొట్టం దగ్గర మళ్లీ మారింది. దానికి మూతగా తొడిగిన రబ్బరు బుడ్డి ఎండి నెర్రెలిచ్చింది. దాన్ని పీకి అత్తగారి మొహం ముందు పెట్టింది.

"ఇదిగో, నేను పారేశానని మీరు తిట్టిన చెవిమందు బుడ్డి!"

అత్తగారి కాలు జారింది. ఇంజన్ ఆగింది.

"వాడా తీసింది?"

"మీ బంగారుకొండే."

"నీ పెళ్లానికి వస్తువు మీద శ్రద్ధ లేదురా అంటే, అవునమ్మా అన్నాడే!"

"అన్నాడా?"

"తలూపుతూ మరీ అన్నాడు. వెధవ!"

ఆ ఇంట్లో అత్తాకోడళ్లకు మొదటిసారి మాట కలిసింది.

చివరిది బ్రేకు పైపు, ఇంజన్ గాలి లాగే బలంతో బ్రేకును మెత్తగా దింపేది. పైకి నున్నగా ఉంది. వంపు కింద వేలు పెడితే టేపు మీద టేపు. లాగితే పైపు రెండు ముక్కలై చేతికొచ్చింది. బ్రేకు రాయిలా ఉందేమిటని అడిగినప్పుడు, "నీ కాల్లో బలం లేదు," అని నవ్వాడు. ఈ పైపుతోనే బండెడు సామానేసుకుని, పక్కన తనను కూర్చోబెట్టుకుని వాలు దిగాడు.

ఆమె విసిరిన స్పానర్ గోడకు తగిలి పెచ్చు ఊడింది.

"చెప్తే ఏం పోయేది? పైపు పగిలిందని చెప్పడు. నొప్పిగా ఉందని చెప్పడు. బొందు కట్టేవాడు, బామ్ రాసేవాడు! గుండెకి కూడా ఏ బొందో కట్టుకోలేకపోయాడా?"

సీట్లోంచి అత్తగారు అంది: "తిట్టు. నా వంతు కూడా తిట్టు."

పాత ముక్కలన్నీ సంచిలో వేసుకుని స్పేర్ పార్టుల కొట్టుకెళ్లింది. "ప్రస్తుతానికి చవకరకం ఇవ్వనా అమ్మా?" అన్నాడు కొట్టువాడు. ఆమె చూసిన చూపుకు మంచిరకం దానంతటదే కిందికి దిగింది.

కొత్త పైపులు తొడిగి, క్లిప్పులు బిగించి, తాళం తిప్పింది. కాలు తీసింది. ఇంజన్ నిలబడింది. దగ్గలేదు, వణకలేదు. పాతినుము ఆయన్ని స్కూటర్ వెనక ఎక్కించుకొచ్చిన మరిది స్కూటర్ ఆపి బండి వైపు చూశాడు.

"నేను మాటిచ్చాను వదినా."

"బండి నాది, మాట నీది. నీ మాటని తూకమేసి ఇచ్చెయ్."

బ్రేకు చూద్దామని పెద్దరోడ్డు దాకా వెళ్లొచ్చింది. కాలి కింద మెత్తగా దిగింది. ఇంటి ముందు ఆపి కూర్చుంది. గేటు తీయడానికి ఎవరూ రాలేదు. ఆమెకు మళ్లీ కోపం ముంచుకొచ్చింది. దిగి, గేటు తోసుకుని లోపలికెళ్లింది. అత్తగారు ముందుగదిలో గేటు వైపే చెవి పెట్టి కూర్చుంది.

"ఎప్పుడొచ్చావే? గొళ్లెం మోగలేదే!"

"ఇక మోగదు," అని కసిరింది. బండి తాళం మేకుకు తగిలించింది. మళ్లీ కసిరింది: "రేపట్నుంచి హారన్ కొడతా. వచ్చి గేటు తియ్యండి."

"గట్టిగా కొట్టు," అంది అత్తగారు అంతే కోపంగా. "వేసుకుందామంటే చెవిమందు బుడ్డి కూడా లేకుండా చేశాడు, వెధవ."