అక్కని ఓడెక్కించిన అమ్మమ్మ

ఈ భూమ్మీద మా అమ్మమ్మ కాలు పెట్టని బస్టాండు లేదు. ఎక్కడైనా ఉందని మీరంటే అది ఇంకా కట్టడం పూర్తికాలేదని అర్థం. గుర్రాలు నిలబడి నిద్రపోవడం ఆవిడని చూసే నేర్చుకున్నాయి. ఆవిడ టికెట్టు బేరమాడుతుంటే సముద్రం కూడా ఓ అడుగు వెనక్కి తగ్గుతుంది.

ఇందులో గుర్రాల సంగతి ఒక్కటే నేను కల్పించింది.

అమ్మమ్మకీ వాళ్ళక్కకీ కలిపి ఒక కొట్టు ఉంది. రెండు తలుపుల వెడల్పు, లోపల ఒక కుట్టుమిషను, ఒక ఇస్త్రీ బల్ల. పొడుగైన పాంట్లు పొట్టి చేయడం, బిగుతైన చొక్కాలు వదులు చేయడం అమ్మమ్మ పని. వాటిని ఇస్త్రీ చేసి మడతపెట్టడం వాళ్ళక్క పని. ఆవిడని మేము పెద్దమ్మమ్మ అంటాం. ఏటా రెండుసార్లు అమ్మమ్మకి అరికాళ్ళలో దురద మొదలవుతుంది. ఒక్క సంచీ భుజాన వేసుకుని, చవక బస్సేదో చూసుకుని, ఒంటరిగా మాయమైపోతుంది. పదిమంది పడుకునే గదుల్లో పై మంచం, కుళాయి నీళ్ళు, పొట్లంలో రొట్టె. రెండు వారాలకి నల్లబడిన మొహంతో తిరిగొచ్చి ఇస్త్రీ బల్ల పక్కన స్టూలు వేసుకుని చూసినవన్నీ చెబుతుంది. పెద్దమ్మమ్మ ఇస్త్రీ ఆపకుండా వింటుంది.

ఇద్దరూ ఒకేసారి వెళ్తే కొట్టు మూతపడుతుంది కదా. అందుకని నలభై ఏళ్ళుగా ఒకరు వెళ్ళడం, ఒకరు వినడం. ఎవరు వెళ్ళాలి, ఎవరు వినాలి అని మాత్రం ఎప్పుడూ ఎవరూ అడగలేదు.

ఆ నలభై ఏళ్ళూ నిలబడే ఇస్త్రీ చేసిన పెద్దమ్మమ్మకి మోకాళ్ళు అరిగిపోయాయి. రెండింటికీ ఆపరేషన్ చేయాలని డాక్టరు తేదీ ఇచ్చాడు. తర్వాత నడుస్తుందా అని అడిగితే భుజాలెగరేశాడు. ఆస్పత్రి నుంచి వస్తూ ఆటోలో పెద్దమ్మమ్మ మామూలుగా, ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు అంది:

"కాళ్ళు కోసేలోపు నీతో ఒక్క ఊరు చూడాలని ఉందే."

అమ్మమ్మ బేరమాడకుండా ఆటోవాడు అడిగినంతా ఇచ్చేసింది. మా ఇంట్లో ఇది చాలా అరుదు.

అప్పటికే పెద్దమ్మమ్మ నాలుగడుగులు మించి నడవలేకపోతోంది. చక్రాల కుర్చీతో ఎక్కడానికి చవక బస్సులు కుదరవు, పై మంచాలు అసలే కుదరవు. అమ్మమ్మ అన్నీ వెతికి వెతికి, ఎవరో చివరి నిమిషంలో మానుకున్న విహార నౌక టికెట్లు సగం ధరకి పట్టింది. ఆరు రోజులు, రెండు ఊళ్ళు. కిటికీ లేని గది. ఓడల మీద తిరిగే జనాన్ని జీవితమంతా వెక్కిరించిన మనిషి ఆవిడ. "మంచం మీద పడుకుని ఊళ్ళు తిరగడం కూడా ఒక తిరుగుడేనా?" అనేది. అక్క కోసం ఆ మాట మింగేసింది.

ఓడ మీద అమ్మమ్మ అవస్థ చూడాలి. గది ఊడ్చడానికి వచ్చినామెని కుర్చీలో కూచోబెట్టి తనే ఊడ్చేసింది. లోబట్టలు ఉతికి గదికి అడ్డంగా తాడు కట్టి ఆరేసింది. పెద్దమ్మమ్మ మాత్రం రాణీగారిలా స్థిరపడిపోయింది. ఓడవాళ్ళు మంచం మీద తువ్వాలుని కుందేలులా మడిచి పెడితే అమ్మమ్మ దాని చెవి పట్టుకు లాగి విప్పబోయింది.

"ఒసేయ్, ముట్టుకోకు! ఎంత చక్కటి మడత అది!"

"తుడుచుకునే గుడ్డక్కా."

"నీ మొహం తుడుచుకోడానికి నీ చీర కొంగు చాలు. కుందేలు జోలికెళ్ళావంటే చూడు."

మూడో రోజు పొద్దున మొదటి ఊరు వచ్చింది. అందరినీ పెద్ద బస్సుల్లో ఎక్కించుకుని తిప్పుతామన్నారు. జెండా పట్టుకున్న మనిషి వెనక నడవడం అమ్మమ్మ రక్తంలో లేదు. పైకి చూసింది. రేవు అవతల ఊరు కొండ మీద మెట్లు మెట్లుగా ఉంది. అరికాళ్ళు దురద పెట్టాయి.

"ఇక్కడన్నీ మెట్లే అక్కా, కుర్చీ ఎక్కదు. నేను గబగబా చూసొచ్చి చెప్తా. రెండో ఊళ్ళో ఇద్దరం దిగుదాం."

 పెద్దమ్మమ్మ కుందేలుని ఒళ్ళో పెట్టుకుంది.

కొత్త ఊళ్ళో దిగగానే అమ్మమ్మ చేసే మొదటి పని ఒకటుంది. ఆ ఊరి గడియారం చూసి తన చేతి గడియారం సరిచేసుకోవడం. ఎన్ని బస్సులు తప్పిపోకుండా కాపాడిన అలవాటో! రేవు ఆఫీసు గోడ మీద గడియారం ఒక గంట వెనక ఉంది. అమ్మమ్మ ముల్లు ఒక గంట వెనక్కి తిప్పి, సంచీ బిగించి, మెట్లెక్కింది. ఓడ మాత్రం బయల్దేరిన ఊరి టైముతోనే నడుస్తుంది. గడియారాలు మార్చుకోవద్దని మైకులో మూడుసార్లు చెప్పారట. అమ్మమ్మ మైకుల మాట ఎప్పుడు విన్నది గనక? అప్పటికే గేటు దగ్గర వరసలో మొదట నిలబడి ఉంది.

నాలుగున్నరకల్లా అందరూ ఓడలో ఉండాలి, ఐదింటికి బయల్దేరుతుంది. తన గడియారంలో నాలుగూ పది అవుతుండగా అమ్మమ్మ తీరిగ్గా, జామపండు కొరుక్కుంటూ రేవులోకి వచ్చింది. గట్టు మీద నరపురుగు లేదు. లావు తాళ్ళన్నీ విప్పేసి ఒక్కటి మిగిల్చారు. ఓడ బొయ్యిమని కూసింది. జామపండు ఎక్కడ పడిందో తెలీదు. అరవై ఆరేళ్ళ మనిషి చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తింది.

ఓడకీ గట్టుకీ మధ్య ఇనప వంతెన ఇంకా తీయలేదు. తీయడానికి వీల్లేదు. వంతెనకి ఓడ వైపు కొసన, సరిగ్గా గుమ్మానికి అడ్డంగా, పెద్దమ్మమ్మ చక్రాల కుర్చీ ఉంది. రెండు బ్రేకులూ వేసి ఉన్నాయి. రెండు చేతులూ కమ్మీని పట్టుకుని ఉన్నాయి. చుట్టూ ముగ్గురు యూనిఫారాలవాళ్ళు దండం పెట్టినంత పని చేస్తున్నారు.

"అమ్మా, పది నిమిషాలు ఆలస్యమైపోయింది. కాస్త జరగండమ్మా."

"మా చెల్లి వస్తుంది."

"రాకపోతే?"

"రాకపోతే నన్నూ ఇక్కడే దించెయ్యండి. దానికి దారి తెలుసు, నాకు తెలీదు. ఇద్దరం ఎలాగోలా వస్తాం."

అమ్మమ్మ వంతెన మీదకొచ్చి ఆగింది. ఆయాసం. గుమ్మంలోంచి కనిపించిన ఓడ గడియారం ఐదుంపావు చూపిస్తోంది, తన చేతిది నాలుగుంపావు. విషయం అర్థమై మొహం పాలిపోయింది.

"గడియారం తిప్పానక్కా... పొరపాటున..."

"రా, లోపలికి రా. వీళ్ళు పాపం ఏడుస్తున్నారు."

గదిలోకెళ్ళాక అమ్మమ్మ అలవాటు ప్రకారం స్టూలు లాక్కుని చూసింది చెప్పబోయింది. పైన ఒక గంట స్తంభం, దాని పక్కన పావురాలు...

"వద్దు," అంది పెద్దమ్మమ్మ. కోపంగా కాదు, అలిసిపోయినట్టు. "నువ్వు చెప్పింది వినీ వినీ నా చెవులు ఊళ్ళన్నీ తిరిగేశాయి. కాళ్ళే మిగిలాయి."

అమ్మమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. కళ్ళు తుడుచుకోవడానికి కొంగే వాడింది, కుందేలు జోలికి వెళ్ళలేదు.

ఇక మిగిలింది ఒక్క ఊరు. ఐదో రోజు పొద్దున్నే అమ్మమ్మ గేటు దగ్గరున్న ఉద్యోగిని మూడుసార్లు టైము అడిగి, గడియారం ముట్టుకోకుండా, కుర్చీ తోసుకుంటూ దిగింది. చేతిలో చిట్టీ: కోట, సంత, వంతెన, పాత వీధి... ఏడు చోట్లు. ఊరి బస్సు వాడు కుర్చీని చూసి తల అడ్డంగా ఊపాడు. సరే, తోసుకునే పోదామనుకుంది. మొదటి సందులోనే ముందు చక్రం కాలవ మూతలో ఇరుక్కుంది. లాగింది, తన్నింది, తిట్టింది. ఒంటరిగా రోజుకి పన్నెండు మైళ్ళు నడిచే మనిషి అరగంటలో రెండొందల గజాలు కదిలింది.

"ఇలా అయితే కోట చూడలేం అక్కా!"

పెద్దమ్మమ్మ వినడం లేదు. తలుపులు తీసున్న ఒక చిన్న కొట్టులోకి తొంగి చూస్తోంది. లోపల ఒక కుట్టుమిషను, ఒక ఇస్త్రీ బల్ల. ముక్కు మీద కళ్ళద్దాలతో ఒకామె చొక్కా ఇస్త్రీ చేస్తోంది.

"చూడవే, కాలరు మధ్యనుంచి కొసలకి రుద్దుతోంది. ముడతలు పడవూ?"

"మన కొట్టు కాదక్కా, పద."

"ఉండవే. నన్ను లోపలికి తొయ్యి."

ఒకరి భాష ఒకరికి రాదు. పెద్దమ్మమ్మ చెయ్యి చాచింది. కళ్ళద్దాలామె అటూ ఇటూ చూసి ఇస్త్రీపెట్టె ఇచ్చింది. కుర్చీలోంచే ముందుకి వంగి కొసల నుంచి మధ్యకి, ఇటో లాగు, అటో లాగు. కాలరు అట్టముక్కలా నిలబడింది. కళ్ళద్దాలామె ఆ చొక్కాని వెలుతురుకి పట్టి చూసి, పకపకా నవ్వి, ఇంకో చొక్కా తెచ్చింది. ఆ తర్వాత తన పద్ధతిలో చొక్కా చేతులు మడవడం పెద్దమ్మమ్మకి నేర్పింది. అది నిజంగానే మనకంటే మంచి పద్ధతి.

అమ్మమ్మ చిట్టీ చూసుకుంది, గడియారం చూసుకుంది, వీధి చివరికి చూసింది. ఏదో ఒక సాకు చెప్పి పావుగంటలో కోట చూసి రావచ్చు. కాలు గడప దాకా వెళ్ళింది కూడా. వెనక పెద్దమ్మమ్మ నవ్వు వినబడింది. ఆ నవ్వు అమ్మమ్మ ఎప్పుడో చిన్నప్పుడు విన్నది. వెనక్కొచ్చి, మూలనున్న స్టూలు లాక్కుని, బల్ల మీద అంచు ఊడిన పాంటొకటి కనబడితే సూదిలో దారం ఎక్కించింది.

మధ్యాహ్నం దాకా ముగ్గురూ అక్కడే. ఆ ఊళ్ళో వాళ్ళు చూసింది ఆ ఒక్క కొట్టు. ఓడకి మాత్రం రెండు గంటల ముందే వచ్చేశారు.

ఆపరేషన్ అయి నాలుగు నెలలైంది. పెద్దమ్మమ్మ కర్ర పట్టుకుని వీధి మలుపు దాకా నడుస్తోంది. కొట్టుకి వచ్చిన ప్రతివాళ్ళకీ ఆ ఊరి సంగతి తనే చెబుతుంది, అమ్మమ్మ మిషను ఆపకుండా వింటుంది. అది చూశాకే నాకు ఇదంతా రాయాలనిపించింది. రాసింది అమ్మమ్మకి చదివి వినిపించి, చివర్లో ఇలా పెడతానన్నాను: ఆ రోజు నుంచి అమ్మమ్మ పూర్తిగా మారిపోయింది, ఇక అక్కని వదిలి ఎక్కడికీ వెళ్ళదు.

అమ్మమ్మ నోట్లో దారం కొరికి ఉమ్మేసింది.

"మారానని నీకెవరు చెప్పారే? పై నెల బస్సుకి పోతున్నా, ఒక్కదాన్నే. ఈసారి కొట్టు నువ్వు చూస్తావు. అక్కని ఇస్త్రీ బల్ల దగ్గర నిలబెట్టావో, వచ్చి నీ వీపు ఇస్త్రీ చేస్తా."