బాపమ్మ ఉపాసం, నా ఇంగ్లీషు

ఆ రోజుల్లో నా అంత మాటకారి వరంగల్ మొత్తంలో లేడని నాకో నమ్మకం. డిగ్రీ చదువుతున్నాను, ఇంగ్లీషులో నాలుగు ముక్కలు గడగడా అనేవాణ్ని (ఐదో ముక్క అడిగితే మాత్రం దగ్గు వచ్చేది). అందుకే నర్సంపేట దగ్గరి ఊరి నుంచి బాపమ్మను, అంటే మా నాన్న తల్లిని, తలనొప్పి అంటుంటే బీపీ చూపించడానికి తీసుకొస్తే దవాఖానకు తోడు వెళ్లే పని నాకే అప్పగించారు.

డాక్టరుగారు పెద్దాయన, మంచివారు. కాకపోతే తలెత్తకుండా, రాసుకుంటూనే అడిగేవారు. మందులు వాడుతోందా అని అడిగితే బాపమ్మ, "మీరు చెప్పినట్టే ఏసుకుంటాన సారూ" అంది. నేను వెంటనే "వెరీ రెగ్యులర్ సర్" అని విన్నవించాను (ఆయనకు తెలుగు వచ్చన్న సంగతి నాకు తట్టలేదు). చూస్తే బీపీ మునుపటికన్నా ఎక్కువుంది. గోలీ పవరు పెంచారు. కొన్నాళ్లకు మళ్లీ వెళ్తే ఇంకా ఎక్కువైంది. మళ్లీ పెంచారు. బాపమ్మకు తలనొప్పి పోలేదు సరికదా, కళ్లు తిరగడం మొదలైంది. ఇక హైదరాబాద్ తీసుకుపోదామని నాన్న కంగారుపడ్డారు.

ఈసారి వెళ్లేసరికి పెద్దాయన సెలవులో ఉన్నారు, ఆయన స్థానంలో ఓ చిన్న డాక్టరమ్మ ఉంది. నేను గొంతు సవరించుకోగానే "నువ్వు జర ఆగు తమ్మీ" అని, స్టూలు బాపమ్మ దగ్గరికి జరుపుకుని, పొద్దుగాల ఏం తిన్నవవ్వా అని అడిగింది.

"ఏం తినలే బిడ్డా. ఉపాసమున్న."

అవి గుడ్ ఫ్రైడేకి ముందొచ్చే శ్రమ దినాలు. ఆ రోజులన్నీ బాపమ్మ పొద్దుగూకేదాకా మంచినీళ్లతోనే గడుపుతుంది. ఇది మా ఇంట్లో అందరికీ తెలుసు, నాతో సహా.

"మరి పొద్దటి గోలీ?"

"టిఫిన్ తిన్నంక ఏస్కోవాలెనని సారే చెప్పిండు. తినకుంట ఎట్ల ఏస్కుంట?"

డాక్టరమ్మ నవ్వలేదు. పెంచిన గోలీలు తీసి పక్కన పెట్టింది. ఈస్టరు నాడు బిర్యానీ తిని వీటిని వేసుకుంటే బీపీ పడిపోయి చర్చిలోనే కూలబడేదానివని మెల్లగా చెప్పి, పాత గోలీనే సాయంత్రం అన్నం తిన్నాక వేసుకోమంది. వారం తిరిగేసరికి బాపమ్మ తలనొప్పి తగ్గింది.

ఆ రోజు బయటికి వస్తూ బాపమ్మ నా భుజం పట్టుకుని, "నీ ఇంగ్లీషు నాకు సమజ్ కాలే గని, సారుకు సమజైతాందనుకున్న బిడ్డా" అంది. ఎంతో గౌరవంగానే అంది.

ఇప్పుడు నాకూ బీపీ వచ్చింది. మొన్న డాక్టరు నడుస్తున్నారా అని అడిగితే, రోజూ నడుస్తున్నానని నిబ్బరంగా చెప్పాను. అబద్ధం కాదు, బండి పెట్టిన చోటు నుంచి ఆఫీసు మెట్లదాకా నడుస్తాను. ఆయన సంతోషంగా రాసుకున్నారు. పక్కన కూర్చున్న నా భార్య ఏదో చెప్పబోయి నా మొహం చూసి ఆగిపోయింది. ఎందుకో ఆ పూట బాపమ్మ మీద నాకు చాలా ప్రేమ కలిగింది.